కారుకీ కావాలట వైఫై!

ఫోన్‌కి అప్‌డేట్ వచ్చిందంటే మనకు లెక్కే ఉండదు. 'తర్వాత గుర్తుచెయ్' అని నొక్కేసి రీల్స్‌లోకి వెళ్లిపోతాం. అదే నోటిఫికేషన్ కారు స్క్రీన్ మీద వస్తే? 'కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, వైఫైకి కనెక్ట్ చేయండి' అని కారు అడిగితే? రౌటరేమో ముందుగదిలో టీవీ పక్కన ఉంటుంది. కారేమో పెరట్లో రేకుల షెడ్డులోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఉంటుంది. అక్కడ వైఫై గుర్తు మీద ఒక్క గీత కూడా ఉండదు.

ఈ మధ్య కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్న ఇళ్లలో వింటున్న గోల ఇదే. కార్లే కాదు, కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ వైఫై సెట్టింగ్ ఉంటుంది. కాబట్టి కారు లేనివాళ్లు కూడా ఈ వారం కాలమ్ వదిలేయకండి. ఇంటికి దూరంగా ఉన్న గదికి, మేడ మీది రూముకి, తోటలో మోటారు షెడ్డుకి నెట్ తీసుకెళ్లాలన్నా ఇదే లెక్క.

ఇంతకీ అప్‌డేట్ చేయకపోతే ఏమవుతుంది?

చాలామంది 'పాటల యాప్ కొత్తగా మారుతుంది, అంతేగా' అనుకుంటారు. కొన్నిసార్లు అంతే. కానీ కొన్నిసార్లు అది బ్రేకుల సంగతి.

2018లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షించింది. గంటకు 96 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు తొక్కితే కారు ఆగడానికి 152 అడుగులు పట్టింది. బాగా ఎక్కువ దూరమని పత్రిక మొహమాటం లేకుండా రాసింది. కంపెనీ కొద్ది రోజుల్లోనే ఇంటర్నెట్ ద్వారా అప్‌డేట్ పంపింది. మళ్లీ పరీక్షిస్తే 133 అడుగుల్లో ఆగింది. ఏ మెకానిక్కూ స్పానర్ పట్టుకోలేదు, ఒక్క పార్టు కూడా మారలేదు. 19 అడుగులంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువే. అడ్డొచ్చిన మనిషికి ఆ తేడా ఎంతటిదో నేను చెప్పక్కర్లేదు.

దీనికి ముందు సంగతి ఇంకొకటి ఉంది. 2015లో ఇద్దరు సెక్యూరిటీ నిపుణులు రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో కూర్చుని తమ అదుపులోకి తెచ్చుకుని చూపించారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. అప్పట్లో ఆ రిపేరు ఎలా చేశారో తెలుసా? కొత్త సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లలో వేసి యజమానులకు పోస్టులో పంపారు! ఎంతమంది ఆ పెన్‌డ్రైవ్‌ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోయి ఉంటారో ఊహించుకోండి. ఇప్పుడా బాధ లేదు. 2023 డిసెంబర్‌లో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసి, మార్పు మొత్తం ఇంటర్నెట్ మీదుగానే పంపింది.

మన దగ్గర దొరికే కనెక్టెడ్ కార్లలో చాలావాటికి లోపలే సిమ్ ఉంటుంది. చిన్న చిన్న ఫైళ్లు దాని మీదే వచ్చేస్తాయి. మ్యాపులు, స్క్రీన్ సిస్టమ్ లాంటి పెద్ద ఫైళ్లకు మాత్రం కొన్ని కార్లు వైఫై అడుగుతాయి. షెడ్డులో సిమ్‌కి కూడా సిగ్నల్ అందకపోతే ఇక వైఫై తప్ప దారి లేదు.

బాబాయి గారి షెడ్డు కథ

తణుకు దగ్గర పల్లెలో మా బాబాయి వాళ్లది పాత పెంకుటిల్లు. వెనక పొడవాటి పెరడు. ఆ చివర ఒకప్పుడు గేదెలు కట్టేసే పాక ఉండేది. ఇప్పుడక్కడ మూడు వైపులా రేకులు, ముందు రోలింగ్ షట్టర్, లోపల ఎలక్ట్రిక్ కారు. షెడ్డు గేటు వెనక వీధిలోకి ఉంటుంది. అంటే కారు ఎప్పుడూ ఇంటి ముందుకు రాదు.

సమస్య ఏంటంటే, రివర్స్ గేర్ వేస్తే కెమెరా బొమ్మ వెంటనే రావడం లేదు. రెండు మూడు సెకన్లు స్క్రీన్ నల్లగా ఉండి, తర్వాత వస్తోంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, 'కెమెరాలో ఏం లేదండి, సాఫ్ట్‌వేరే. కొత్త వెర్షన్ వచ్చింది, వైఫై కలిపితే అదే సరిపోతుంది' అన్నారట. నెల రోజులుగా స్క్రీన్ మీద 'అప్‌డేట్ పెండింగ్' అలాగే ఉంది.

మామూలుగా అయితే దీన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆ పెరట్లో బాబాయి మనవరాలు ఆడుకుంటుంది. రెండేళ్ల పిల్ల. ఎప్పుడు గడప దాటుతుందో, ఎప్పుడు కారు వెనక్కి చేరుతుందో ఎవరికీ తెలీదు. పిన్ని ఆ కారు స్టార్ట్ అయిన ప్రతిసారీ వంట వదిలేసి పరుగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకునేది. 'ఆ కెమెరా బాగయ్యేదాకా కారు తియ్యొద్దు' అని ఒకసారి తాళం కూడా దాచేసిందట.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడు 'మూడు డబ్బాల మెష్ వైఫై ఆర్డర్ పెడుతున్నా, ఇరవై వేలు అయినా పర్లేదు' అన్నాడు. 'ఆగరా, ముందు నన్ను చూడనీ' అన్నాను నేను.

ముందు కొలవాలి, తర్వాతే కొనాలి

వైఫై బాగుందా లేదా అన్నది గీతలు చూసి చెప్పకూడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే సిగ్నల్‌ని డీబీఎం లెక్కలో చూపిస్తుంది. ఐఫోన్ వాళ్లకి యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ యాప్‌లో వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి.

ఈ అంకె మైనస్‌లో ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే అద్భుతం. మైనస్ 67 దాకా హాయిగా పనిచేస్తుంది. మైనస్ 75 దాటితే తెగుతూ అతుకుతూ ఉంటుంది. మైనస్ 80 అంటే పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. పది అంకెలు పడిపోయాయంటే సిగ్నల్ బలం పదో వంతుకి పడిపోయినట్టు. కాబట్టి 70కీ 80కీ తేడా చిన్నదే కదా అనుకోకండి.

బాబాయి ఇంట్లో ఫోన్ పట్టుకుని నడిచాను. హాల్లో మైనస్ 38. వంటింట్లో 58. పెరటి గుమ్మంలో 66. పెరడు మధ్యలో నీళ్ల ట్యాంకు పక్కన 74. షట్టర్ ముందు 80. షట్టర్ దించి కారులో కూర్చుని తలుపులు వేసుకుంటే నెట్‌వర్క్ పేరే మాయం!

ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది. కొలవాల్సింది షెడ్డు ముందు నిలబడి కాదు, కారులో కూర్చుని, షట్టర్ మూసి. ఎందుకంటే కారు కూడా ఇనుప డబ్బానే. షెడ్డు ఇంకో ఇనుప డబ్బా. వైఫై తరంగాలు ఇటుక గోడని కష్టపడైనా దాటతాయి. రేకు తగిలితే మాత్రం వెనక్కి తిరిగిపోతాయి. సందుల్లోంచి ఎంత దూరితే అంతే. నీళ్ల ట్యాంకు ఇంకో శత్రువు. నీళ్లు ఈ తరంగాలను పీల్చేసుకుంటాయి. పైగా ఖాళీ జాగాలో కూడా దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతే మిగులుతుంది.

రౌటర్‌లో రెండు బ్యాండ్‌లు ఉంటాయి కదా, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5 వేగంగా పరిగెడుతుంది కానీ గోడ అడ్డొస్తే త్వరగా అలసిపోతుంది. 2.4 నెమ్మదే, కానీ గోడల్ని మెరుగ్గా దాటుతుంది. షెడ్డుకి మనకు కావాల్సింది 2.4. కొన్ని వాహనాలు అసలు 2.4 తప్ప వేరేది చూడలేవు కూడా.

వేగం గురించి బెంగ అక్కర్లేదు. లెక్క చూడండి. 8 ఎంబీపీఎస్ వేగం నిలకడగా వస్తే ఒక జీబీ ఫైలు 17 నిమిషాల్లో దిగిపోతుంది. కారు రాత్రంతా అక్కడే నిద్రపోతుంది, తొందరేముంది? షెడ్డులో 300 ఎంబీపీఎస్ రావాలని వేలు పోయకండి. కావాల్సింది తెగకుండా ఉండే లైను, అంతే.

అర్జెంటు పని ముందు, పర్మినెంటు పని తర్వాత

పిల్ల ఆడుకునే ఇంట్లో కెమెరా సంగతి వారం ఆగేది కాదు. వైరు లాగడానికి మనిషి దొరికేసరికి ఎన్ని రోజులో. అందుకే ఖర్చు లేని దారులు ముందు చూశాం.

మొదటిది ఫోన్ హాట్‌స్పాట్. మీలో చాలామందికి ఇదే సరిపోతుంది. రెండు జాగ్రత్తలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ ఇస్తుంటే కారుకి కనిపించకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాండ్‌ని 2.4కి మార్చండి. ఐఫోన్‌లో 'మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయండి. రెండు, మీ ప్లాన్‌లో రోజుకి ఎన్ని జీబీలో చూసుకోండి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్ మీద రెండు జీబీల ఫైలు మొదలుపెడితే మధ్యలో చతికిలపడుతుంది. ఫోన్ కారులోనే వదిలి, ఛార్జింగ్‌లో పెట్టాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

బాబాయి షెడ్డులో మొబైల్ సిగ్నల్ కూడా ఒక్క గీతే. హాట్‌స్పాట్ కుదర్లేదు.

రెండోది, రౌటర్‌ని కిటికీ దగ్గరికి జరపడం. చాలా ఇళ్లలో రౌటర్ టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, చెక్క కబోర్డులో బందీగా ఉంటుంది. దాన్ని తీసి ఎత్తులో, షెడ్డు వైపు కిటికీలో పెడితేనే కొన్ని ఇళ్లలో పని అయిపోతుంది. మా వాళ్లింట్లో ఫైబర్ వైరు హాల్లోకే వచ్చి ఆగింది. ఫైబర్‌ని మామూలు కరెంటు వైరులాగా మనమే అతికించి పొడిగించలేం, నెట్ కంపెనీ మనిషే రావాలి.

మూడోది, కారునే రౌటర్ దగ్గరికి తీసుకురావడం. నవ్వకండి, పనిచేసింది ఇదే. పగలు ముందు వీధిలో ట్రాక్టర్లు, ఆటోలు తిరుగుతుంటాయి. రాత్రి పది దాటాక బాబాయి కారుని ఊరు చుట్టూ తిప్పి ఇంటి ముందుకు తెచ్చారు. పిన్ని రోడ్డు మీద నిలబడి చేత్తో సైగలు చేస్తే పార్క్ చేశాం. కారులో కూర్చుని చూస్తే మైనస్ 61. ముప్పావుగంటలో ఫైలు దిగింది.

డౌన్‌లోడ్ వేరు, ఇన్‌స్టాల్ వేరు. ఇది గుర్తుపెట్టుకోండి. ఫైలు పూర్తిగా దిగాక మా కారుకి ఇన్‌స్టాల్ చేయడానికి నెట్ అక్కర్లేకపోయింది. కారుని మళ్లీ షెడ్డులో పెట్టి ఇన్‌స్టాల్ నొక్కాం. ఆ అరగంట, గంట కారు నడపలేం, కదపలేం. అందుకే ఆస్పత్రి పని, రైలు టైము ఉన్న రోజు ఆ బటన్ నొక్కకండి. బ్యాటరీ ఎంత ఉండాలి, ఛార్జర్ తీసేయాలా ఉంచాలా అన్నది కారుని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవండి చాలు.

ఇక పర్మినెంటు దారి: ఐదు రకాలు

'ప్రతిసారీ కారుని వీధిలో నిద్రపుచ్చాలా?' అన్నారు బాబాయి. న్యాయమైన ప్రశ్న. మార్కెట్లో ఉన్న దారులు ఇవీ.

రిపీటర్: గోడ ప్లగ్గులో పెట్టే చిన్న డబ్బా. చవక. చాలామంది దీన్ని తీసుకెళ్లి షెడ్డులోనే పెడతారు. అక్కడ సిగ్నలే లేకపోతే అది దేన్ని రిపీట్ చేస్తుంది? దారి మధ్యలో, ఇంకా మైనస్ 65 దగ్గర ఉన్నచోట పెట్టాలి. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేసే రిపీటర్‌లో వేగం దాదాపు సగానికి పడుతుంది. మనకు వేగం పట్టింపు లేదు కాబట్టి పర్లేదు. షెడ్డు ఇటుక గోడలతో, పది పదిహేను మీటర్ల లోపు ఉంటే దీన్ని ప్రయత్నించొచ్చు. రేకుల షెడ్డుకి మాత్రం ఆశ పెట్టుకోకండి.

మెష్: ఇంట్లోపల గదుల మధ్య బాగుంటుంది. కానీ డబ్బాకీ డబ్బాకీ మధ్య గాలిలోనే మాట నడుస్తుంటే దానికీ రేకు రేకే, ట్యాంకు ట్యాంకే. తమ్ముడి ఇరవై వేలు మిగిలింది ఇక్కడే. మెష్ డబ్బాల్ని వైరుతో కలిపితే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కానీ వైరు లాగేశాక ఖరీదైన డబ్బా ఎందుకు?

పవర్‌లైన్ అడాప్టర్: ఇంటి కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పరికరం. ఇంట్లో ఒక ప్లగ్గు, షెడ్డులో ఒక ప్లగ్గు. రెండూ ఒకే మీటరు, ఒకే ఫేజు మీద ఉంటే పనిచేసే అవకాశం ఎక్కువ. మన ఇళ్లలో త్రీ ఫేజ్ ఉండి షెడ్డుని వేరే ఫేజుకి కలిపితే తేడా కొడుతుంది. ఇన్వర్టర్, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు మధ్యలో వచ్చినా అంతే. వెనక్కి తీసుకుంటారో లేదో అడిగి మరీ కొనండి.

వైర్‌లెస్ బ్రిడ్జి: రెండు చిన్న యాంటెన్నాలు ఒకదానికొకటి ఎదురుగా గోడలకి బిగిస్తారు. టార్చిలైటు లాగా ఒకే దిక్కున సిగ్నల్ కొడతాయి. కేబుల్ లాగలేని చోట, మధ్యలో రోడ్డు ఉన్నా, రెండొందల మీటర్ల అవతల తోటలో షెడ్డు ఉన్నా ఇదే సరైనది. ఒకదానికొకటి కనిపించాలి. మధ్యలో మునగచెట్టు ఉంటే, వానకి తడిసిన ఆకులు సిగ్నల్‌ని మింగేస్తాయి. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో నిబంధనల ప్రకారం ఉన్న పరికరాలకు మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్స్ అక్కర్లేదు.

వైరు: పాత చింతకాయ పచ్చడి లాంటిది. రుచి తగ్గదు. ఈథర్నెట్ కేబుల్ ఒక్క ముక్కగా 100 మీటర్ల దాకా నడుస్తుంది. షెడ్డులోకి వైరు వెళ్లాక అక్కడ చిన్న రౌటర్ పెడితే, రేకు లోపలే వైఫై పుడుతుంది. ఇప్పుడు ఆ రేకే మనకి కాపలా. సిగ్నల్ బయటికి పోదు.

మేం వైరే లాగాం

పెరడు తవ్వితే పిన్ని కరివేపాకు మొక్కలు పోతాయి. అందుకని ప్రహరీ గోడ వెంట పైపు బిగించి అందులో కేబుల్ నడిపాం. నేరుగా అయితే 28 మీటర్లు, గోడ చుట్టూ అయితే 42. వందలోపే కాబట్టి దిగుల్లేదు.

మీరు చేయించుకునేటప్పుడు ఈ మాటలు ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి. కేబుల్ క్యాట్ 6, అవుట్‌డోర్ రకం కావాలి. ఇంట్లో వాడే రకం మన ఎండకి రెండేళ్లలో పెళుసుబారిపోతుంది. లోపల అచ్చం రాగి ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా అమ్ముతారు, దూరం వెళ్లేకొద్దీ అవి మొండికేస్తాయి. షాపులో 'ప్యూర్ కాపర్' అని బిల్లు మీద రాయించుకోండి. కరెంటు వైరు, నెట్ వైరు ఒకే పైపులో వేయనివ్వకండి. పైపు చివర్లు ఎమ్‌సీల్‌తో మూయించండి. పందికొక్కులకి, ఎలకలకి కేబుల్ అంటే మహా ఇష్టం.

షెడ్డులో పెట్టడానికి కొత్త డబ్బా కొనలేదు. నెట్ కనెక్షన్ మార్చినప్పుడు అటక మీద పడేసిన పాత రౌటర్ ఉంది. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. దాని సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటే అది నొక్కితే చాలు. లేకపోతే మూడు పనులు. దాని ఐపీ అడ్రస్ మెయిన్ రౌటర్‌తో గొడవ పడకుండా మార్చాలి. డీహెచ్‌సీపీ ఆపేయాలి. ఇంటి నుంచి వచ్చిన వైరుని వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చాలి. ఈ డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇంట్లో రెండు పెత్తనాలు నడుస్తాయి. రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచి, ఫోన్లకి నెట్ వచ్చీ రానట్టు ఉంటుంది.

కేబుల్, పైపులు, క్లిప్పులు, కూలి అన్నీ కలిపి 3,400 రూపాయల లోపే అయింది. కారులో కూర్చుని షట్టర్ దించి చూస్తే మైనస్ 44.

ఇంకో మాట. గోదావరి జిల్లాల్లో ఉరుములు మెరుపులు మామూలుగా ఉండవు. రెండు కట్టడాల మధ్య రాగి తీగ ఉందంటే పిడుగు పడినప్పుడు దాని మీదుగా కరెంటు దూకి రౌటర్లు మాడిపోయే ప్రమాదం ఉంది. ఈథర్నెట్‌కి కూడా సర్జ్ ప్రొటెక్టర్లు దొరుకుతాయి. అవి ఉన్నా లేకున్నా, మబ్బు పడితే రెండు చివర్లా ప్లగ్గు తీసేయడం అలవాటు చేసుకోండి. ఖర్చు పెట్టగలిగితే రాగికి బదులు ఫైబర్ వేయించుకోండి. గాజు తీగ మీద కరెంటు ప్రయాణించదు.

అపార్ట్‌మెంట్ వాళ్లకి, అమెరికా వాళ్లకి

హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఫ్లాటు, కింద రెండో సెల్లార్‌లో కారు. మధ్యలో ఆరు కాంక్రీట్ స్లాబులు. ఏ రిపీటర్ వచ్చినా ఇక్కడ తల వంచాల్సిందే. మీ ఒక్కరి కోసం షాఫ్ట్‌లోంచి వైరు దించుకోవాలంటే అసోసియేషన్ అనుమతి కావాలి. దానికంటే అందరూ కలిసి సెల్లార్‌కి ఒక కనెక్షన్ తీసుకుని, రెండు మూడు యాక్సెస్ పాయింట్లు పెట్టించుకోవడం తేలిక. సీసీ కెమెరాల కోసం ఎలాగూ వైర్లు ఉంటాయి. ఈసారి మీటింగ్‌లో లిఫ్టు గొడవ అయ్యాక ఈ మాట ఎత్తండి. ఒక్క షరతు: ఎయిర్‌పోర్టులో లాగా వెబ్ పేజీ తెరిచి ఓటీపీ కొట్టే వైఫై వద్దు. చాలా కార్లకి ఆ పేజీ తెరవడం రాదు. మామూలు పాస్‌వర్డ్ వైఫైయే కావాలి.

టెక్సాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇంటికి విడిగా గ్యారేజ్ ఉన్న మన వాళ్లకి చెక్క గోడలు కొంత మేలు చేస్తాయి. అయితే బయట గోడకి సిమెంటు పూత ఉంటే దాని లోపల తీగ వల ఉండొచ్చు. అది మా బాబాయి రేకు లాంటిదే. ఇల్లు కొత్తగా కట్టించుకుంటున్నవాళ్లు గ్యారేజ్‌కి కరెంటు లాగేటప్పుడే పక్కన ఒక ఖాళీ పైపు వేయించుకోండి. మట్టి రెండోసారి తవ్వించడం ఎక్కడైనా ఖర్చే. ఇక్కడ మేడ కట్టుకుంటున్న వాళ్లకీ అదే మాట.

పాస్‌వర్డ్ మర్చిపోకండి

షెడ్డు వైఫై కదా, ఎవరొస్తారులే అని ఓపెన్‌గా వదిలేయకండి. వీధి చివరి కుర్రాడు సినిమాలు దించుకుంటే పర్లేదు, ఇంకెవరైనా మీ నెట్ మీద చేయకూడని పని చేస్తే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. డబ్ల్యూపీఏ 2 గానీ 3 గానీ పెట్టండి. పాత రౌటర్ వాడుతుంటే దాని అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పకుండా మార్చండి. మెయిన్ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే, కారు ముందు వాకిట్లోనే ఉండే ఇళ్లలో దాన్ని గెస్ట్‌కే కలపండి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఉన్న నెట్‌వర్క్‌తో కారుకి పనేముంది? కారు అమ్మేసే రోజున ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ వైఫై పాస్‌వర్డ్, మీ ఇంటి అడ్రస్, మీ ఫోన్ కాంటాక్టులు అన్నీ అందులోనే ఉంటాయి.

కొనేముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇంత చేశాక నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. లక్షలు పోసి కొన్న కారులో భద్రతకి సంబంధించిన లోపం సరిచేయడానికి, నెట్ ఏర్పాటు బాధ్యత కూడా కొన్నవాళ్ల మీదే పడుతోంది. పాటల యాప్ అప్‌డేట్‌కి నా వైఫై అడిగితే సరే. కెమెరా, బ్రేకు, బ్యాటరీ లాంటివాటికి కూడా 'మీ ఇంట్లో సిగ్నల్ లేదండి' అంటే ఎలా? పైగా స్క్రీన్ మీద రెండిటికీ ఒకటే మాట, 'అప్‌డేట్ పెండింగ్'. ఇది తప్పక చేయాల్సినది, ఇది మీ ఇష్టం అని విడదీసి చెబితే బాబాయి నెల రోజులు ఆగేవారు కాదు.

అందుకే ఈ పండక్కి కారో స్కూటరో బుక్ చేసేవాళ్లు షోరూమ్‌లో మైలేజీ, ఆఫర్లతో పాటు ఈ మూడూ అడగండి. ఒకటి, అప్‌డేట్లు వాహనంలోని సిమ్ మీదే వస్తాయా, వైఫై తప్పనిసరా? రెండు, సిమ్ మీద అయితే ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత డబ్బులు కట్టకపోతే భద్రత అప్‌డేట్లు ఆగిపోతాయా? మూడు, ఇంట్లో కుదరకపోతే సర్వీస్ సెంటర్‌లో ఉచితంగా వేస్తారా? సేల్స్‌మన్ నోటిమాట కాకుండా మెయిల్‌లో జవాబు తీసుకోండి.

బాబాయి కెమెరా ఇప్పుడు గేర్ వేయగానే వస్తోంది. పిన్ని మాత్రం తన రూలు మార్చలేదు. కారు వెనక్కి వస్తోందంటే పిల్ల ఆమె చంకలో ఉండాల్సిందే. 'కెమెరా చూస్తుంది సరే, ఎత్తుకోదు కదా' అంటుంది. ఆ అప్‌డేట్ ఏ కంపెనీ కూడా పంపలేదు. మీ ఇంట్లో కూడా దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి.

వచ్చే వారం: ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందని ఫొటోలు తీసేస్తున్నారా? అసలు జాగా తింటున్నది ఎవరో పట్టుకుందాం. అప్పటిదాకా మీ ఇంట్లో రౌటర్‌ని ఆ టీవీ వెనక నుంచి బయటికి తీయండి బాబూ!